బస్సు ఎఫీ పక్కసీటు

మా దీవిలోని పోర్ట్ ఆరన్‌లో ఇంటిపేరు పట్టుకుని మనిషిని వెతకబోతే పొద్దుగూకేదాకా తిరగాల్సిందే. ఊళ్ళో సగంమంది మెక్‌ఇసాక్‌లు, తక్కిన సగం గిల్లిస్‌లు. అందుకని ప్రతివాళ్ళకీ ఓ మారుపేరు తగిలిస్తారు. తగిలించాక ఇక అది వదలదు. ఎఫీ మెక్‌ఇసాక్ చాలా ఏళ్ళు బడి బస్సు నడిపింది కాబట్టి ఆమె బస్సు ఎఫీ. ఆమె బస్సు మానేసినా ఊరు ఆ పేరు మానలేదు.

ఇప్పుడామె నడిపేది తుప్పుపట్టిన నీలం కారు. అది ఎవరింటి ముందైనా ఆగిందంటే చుట్టుపక్కల కిటికీ తెరలు కదులుతాయి. ఎందుకు కదలవు మరి! ఫైరింజను మీద పోయేవాళ్ళు, అంబులెన్సువాళ్ళు, పోలీసులు, ఆపదలో చేసే ఫోన్లు ఎత్తేవాళ్ళు, వీళ్ళలో ఎవరికి తాగుడు ముదిరినా, మాత్రలు లేనిదే పూట గడవకపోయినా, కళ్ళు మూస్తే చూసినవన్నీ మళ్ళీ కనబడుతున్నా, వాళ్ళని పక్కసీట్లో కూర్చోబెట్టుకుని దీవి దాటించి, అవతలి గడ్డమీద వాళ్ళకోసమే కట్టిన ఇంట్లో దించి వచ్చేది ఎఫీయే. ఆ ఇంటికి బోర్డుమీద పొడుగాటి పేరొకటుంది. దీవిలో ఎవరూ దాన్ని పలకరు. అవతలి ఇల్లు అంటారు, అంతే.

ఈ పని ఆమెకి ఎవరూ అప్పజెప్పలేదు. ఒకప్పుడు అలా పక్కసీట్లో కూర్చుని వెళ్ళింది తనే.

పోర్ట్ ఆరన్ ఫైర్‌హాలులో జీతాలుండవు. చేపలు పట్టేవాళ్ళు, కొట్టు నడిపేవాళ్ళు, బస్సు తోలేవాళ్ళు, నడుముకున్న పేజరు, ఆపద కబురు చెప్పే ఆ చిన్న డబ్బా, కూయగానే చేతిలో పని పడేసి పరుగెత్తుతారు. పట్నంలో ఫైర్‌మాన్‌కి కారులో ఇరుక్కున్నది ఎవరో తెలియదు. ఇక్కడ కారు రంగు చూడగానే తెలిసిపోతుంది. ఏటి మలుపు దగ్గర బోల్తాపడిన కారు తలుపు కోసి ఎఫీ బయటికి తీసిన అమ్మాయి, ఆమె బస్సులోనే ఒకటో తరగతి నుంచి ఎక్కి దిగిన పిల్ల. బతకలేదు. ఆ తలుపు లాగడంలో ఎఫీకి నడుం పట్టేసింది. డాక్టరు మాత్రలిచ్చాడు. నడుం నొప్పి తగ్గింది గానీ మాత్రలు తగ్గలేదు. మాత్రలు చాలని రోజున రమ్ము తోడైంది.

ఒక పొద్దున బస్సు తాళాలు చేతిలో పట్టుకుని, ఇవాళ తను నడిపితే ఘోరం జరుగుతుందనిపించి, బస్సెక్కకుండా నేరుగా ఫైర్‌హాలుకి నడిచివెళ్ళింది. ఆ తాళాలు చీఫ్ పెద్ద రోరీ గిల్లిస్ చేతిలో పెట్టింది. ఆయన ఎందుకని అడగలేదు. బస్సుకి ఇంకో డ్రైవరుని పిలిచి, ఎఫీని తన ట్రక్కులో ఎక్కించుకుని దీవి దాటించాడు. దారిపొడుగునా మాకెరెల్ చేపల గురించి తప్ప ఇంకోమాట మాట్లాడితే ఒట్టు. ఆ చేపల గోలే లేకపోతే మధ్యలో తలుపు తీసుకుని దూకేదాన్నని ఎఫీ ఇప్పటికీ అంటుంది.

అవతలి ఇంట్లో మొదట్లో ఎఫీ నోరు విప్పలేదు. విప్పించింది ఓ మాడిన రొట్టెముక్క. ఒకరోజు వంటింట్లో పొగగంట మోగింది. మామూలు మనుషులైతే బయట పచ్చికమీదికి పోయి నిలబడతారు. వీళ్ళేమో మూకుమ్మడిగా వంటింటిమీద పడ్డారు. ఒకాయన స్నానం మధ్యలో తువ్వాలు చుట్టుకుని, మంటలార్పే సిలిండరు చంకలో పెట్టుకుని వచ్చాడు. ఇంకొకాయన తలుపు వేడెక్కిందేమోనని చెయ్యి వెనక్కి తిప్పి తాకి చూస్తున్నాడు. ఒక పోలీసావిడ నడవాకి అడ్డంగా నిలబడి ఎవర్నీ పోనివ్వనంటోంది. నలుగురు చీఫ్‌లు "ఇక్కడ నా మాట వినాలి" అంటే "కాదు నా మాట" అని కొట్లాట. ఈలోగా రొట్టె నిక్షేపంగా బొగ్గయింది. అక్కడ వైద్యం చూసే నోరా అనే బక్కపలచటి మనిషి పచ్చికమీద ఒక్కతే నిలబడి, తలలు లెక్కపెడదామంటే ఒక్క తలా లేక, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "ఇంతమందిలో నాకు ఒంట్లో బాలేదు, నన్ను చూడండి అనే రకం ఒక్కరూ లేరు కదర్రా!" అంది.

ఎఫీకి నవ్వాగలేదు. నవ్వి నవ్వి అదే ఏడుపైంది. ఆ ఏడుపులోనే ఏటిమలుపు పిల్ల పేరు మొదటిసారి నోట్లోంచి వచ్చింది. ఊరికి తిరిగొచ్చి మళ్ళీ హాల్లో చేరాక ఈ కథ హాలువాళ్ళకి చెప్పిందో లేదో, పుట్టినరోజుకి అందరూ కలిసి రొట్టెలు కాల్చే మిషను కొనిచ్చారు. మా వాళ్ళ ప్రేమ ఆ తీరుగానే ఉంటుంది, ఏం చేస్తాం!

అప్పటినుంచి ఎఫీ తన కారుతో ఈ పని పెట్టుకుంది. నీతులు చెప్పదు. ఏం జరిగిందని అడగదు. ఫ్లాస్కులో టీ, డబ్బాలో బెల్లప్పాకం లాంటి మొలాసిస్ వేసిన బిస్కట్లు ఉంటాయి. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: పేజరు ఇంట్లో వదిలేసి రావాలి. అది మోగితే మా వాళ్ళు పెళ్ళిలోంచైనా లేచిపోతారు, చావులోంచైనా లేచిపోతారు. కారెంత, వైద్యమెంత?

మార్చి చివరలో, రేవులో మంచుపలకలు ఇంకా కదులుతుండగా, పెద్ద రోరీ భార్య మార్సెలా ఎఫీకి ఫోన్ చేసింది. "మా ఆయన్ని తీసుకుపో," అంది. అంతకుమించి చెప్పలేకపోయింది.

చెప్పక్కర్లేదు కూడా. ఫిబ్రవరిలో ఫిడేలు డాన్ అలెక్స్ ఇల్లు కాలింది. డాన్ అలెక్స్, రోరీ నిక్కర్లు తొడుక్కున్ననాటి నుంచి జత. శనివారం వస్తే ఇద్దరూ పేకముక్కలతో కూర్చోవాల్సిందే. ఆ రోజు డాన్ అలెక్స్ కోసం మోరాగ్ ఇంకొకరితో కలిసి లోపలికి వెళ్ళింది. మోరాగ్ అంటే హాలులో రోరీ తర్వాతి మనిషి. బయటినుంచి చూస్తున్న రోరీకి ఇంటి చెక్కనేల కుంగుతున్నట్టు కనిపించి అందర్నీ బయటికి రమ్మన్నాడు. వాళ్ళిద్దరూ గడప దాటారో లేదో నేల మొత్తం కూలింది. డాన్ అలెక్స్ తర్వాత వెనకగదిలో శవమై దొరికాడు. ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు కూడా రోరీని తప్పుపట్టలేదు. డాన్ అలెక్స్ చెల్లెలైతే ఓట్స్ రొట్టెలు చేసి తెచ్చి ఆయన బల్లమీద పెట్టి వెళ్ళింది. ఆమె తిట్టిపోసి ఉంటే బాగుండేదని మార్సెలా అనుకుంది. ఆ రొట్టెలు ముట్టకుండా రోరీ కట్టెల షెడ్డులోకి పోయి సీసా తెరిచాడు. అంతే, ఇక మూసింది లేదు.

అవతలి ఇంట్లో ఒక మంచం ఖాళీ అయింది. సాయంత్రంలోగా మనిషి రాకపోతే వరసలో తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. ఇంకోటెప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు.

ఎఫీ వెళ్ళేసరికి రోరీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు, మార్సెలా సింకు దగ్గర ఉంది. గడ్డం గీసుకోబోయి గడ్డమంతా కోసుకున్నాడు.

"ఏమే ఎఫీ, దారి తప్పావా?"

"టీ తాగి పోదామని వచ్చా."

"టీ కోసం ఆ కారేసుకొచ్చావా? ఎదురింటి ఫ్లోరా ఈపాటికి సగం ఊరికి ఫోన్లు చేసుంటుంది."

"సగమేంటి చీఫ్, మొత్తం ఊరికి! నేను మీ తలుపు తట్టేలోపే నాక్కూడా చేసింది, ఎఫీ వచ్చిందని."

రోరీ నవ్వాడు. కప్పులో టీ పోస్తే సగం సాసరులో పడింది. ఇద్దరూ అది చూడనట్టే ఊరుకున్నారు.

"నేను బానే ఉన్నా," అన్నాడు.

"ఊఁ."

"రాత్రి కాస్త ఎక్కువ పుచ్చుకున్నా. ఎవరు పుచ్చుకోరు?"

"ఊఁ."

"ఆ ఊఁ ఆపు. అది నేను నేర్పిందే. నా దగ్గరే చూపిస్తావా?"

"ఊఁ."

"నేను పోతే హాలెవరు చూస్తారు? మోరాగా? చిన్నపిల్లది."

"చిన్నపిల్లకి నలభై దాటాయి చీఫ్. మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చాయి."

రోరీ మళ్ళీ నవ్వబోయాడు. అప్పుడు సింకు దగ్గర నుంచి, వెనక్కి తిరక్కుండానే మార్సెలా అంది. "తుపాకీ ఇంట్లో లేదు రోరీ."

"ఏ తుపాకీ?"

"లేళ్ళ వేటది. నిన్న నువ్వు షెడ్డులో ఉన్నప్పుడు పట్టుకెళ్ళి ఎఫీ వాళ్ళింట్లో ఇచ్చొచ్చాను."

"ఎందుకు?"

"ఎందుకో నువ్వే చెప్పు."

రోరీ చెప్పలేదు. నీకేమన్నా పిచ్చా అని కసరనూ లేదు. కసిరి ఉంటే ఎంత బాగుండేది! ఆయన లేచి కోటు తొడుక్కున్నాడు.

"సరే, పోయి చూసొస్తా. ఊరికే చూసి, సాయంత్రానికి ఇంట్లో ఉంటా. మంచం గించం నాకక్కర్లేదు."

మార్సెలా తలుపు వెనకనుంచి సర్దిపెట్టిన సంచి తీసింది.

"సాయంత్రానికి వచ్చేవాడికి సంచెందుకే?"

"మోసేది ఎఫీ. నీకేం నొప్పి?"

ఎఫీ ఆయన నడుమునుంచి పేజరు తీసి మార్సెలా ఆప్రాన్ జేబులో వేసింది. ఆయన చంటిపిల్లాడిలా దాని వంకే చూస్తూ గడప దాటాడు. మార్సెలా వాకిట్లోకి రాలేదు. సింకు దగ్గరే నిలబడి, కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోంది.

కారులో కూర్చున్నంత మాత్రాన పని అయినట్టు కాదని ఎఫీకి తెలుసు. అవతలి ఇంట్లో ఎవర్నీ బలవంతంగా ఉంచుకోరు. మనిషి తన నోటితో తను నన్ను చేర్చుకోండి అనాలి. గుమ్మందాకా వెళ్ళి, నోరా పెట్టిన కాఫీ తాగి, ఆమెకే ధైర్యం చెప్పి తిరిగొచ్చినవాళ్ళని ఎఫీ చూసింది. వాళ్ళలో ఒకాయన్ని తర్వాత పాతిపెట్టిన రోజున వానలో నిలబడింది కూడా. రోరీ ముఖం చూస్తుంటే తిరిగొచ్చే ముఖంలాగే ఉంది. ఈ మనిషి తనని బతికించాడు. ఇవాళ తను ఆయన్ని ఆ గుమ్మంలోనే పోగొట్టుకుంటుందేమోనని ఆమె భయం. పైకి మాత్రం మాకెరెల్ చేపలు ఈ ఏడు ఎప్పుడొస్తాయో అడిగింది.

"మాకెరెల్ సంగతి నీకెందుకు?" అన్నాడు రోరీ. "రోడ్డు చూసి తోలు. బస్సనుకుంటున్నావా, ప్రతి మలుపులో ఆపుతున్నావు!"

దీవినీ అవతలి గడ్డనీ కలిపే కట్ట కనిపిస్తోంది. అంతలో పేజరు కూసింది.

రోరీ చెయ్యి నడుముమీదికి పోయింది. అక్కడేం లేదు. కూస్తున్నది ఎఫీ కోటు జేబులో. ఇన్నేళ్ళనుంచి ఊరందరి పేజర్లూ ఊడబెరికిన మనిషి, ఇవాళ చీఫ్‌ని తీసుకెళ్ళాలనే గాభరాలో తన పేజరు సంగతే మరిచిపోయింది.

"పోర్ట్ ఆరన్, మిల్లు రోడ్డులో ఇల్లంటుకుంది. లోపల మనిషి ఉండొచ్చు," అంది ఆపద ఫోన్లు ఎత్తే అమ్మాయి గొంతు.

ఎఫీకి తెలివొచ్చేసరికి కారు పెట్రోలు బంకులో దూరి గిర్రున తిరిగి, ముక్కు ఇంటివైపు పెట్టుకుని రోడ్డెక్కుతోంది.

"తొక్కు!" అన్నాడు రోరీ.

తొక్కింది కూడా. మళ్ళీ తనే, "ఛీ, నా బుద్ధి మండ!" అని బ్రేకు వేసి, బంకు అంచున ఆపేసింది.

"ఎందుకాపావే?"

"మనం వెళ్ళేసరికి అక్కడ బూడిద కూడా చల్లారిపోతుంది చీఫ్."

"లోపల మనిషున్నాడన్నారు!"

"ఉండొచ్చన్నారు."

ఆమె పేజరు కట్టేయబోతే రోరీ మణికట్టు పట్టుకున్నాడు. "ఉంచు. ఒక్కసారి విననీ. పాపం మోరాగ్ ఒక్కతే." ఆ చెయ్యి సాసరులో టీ ఒలకబోసిన చెయ్యే, ఇప్పుడు ఉడుంపట్టు పట్టింది. ఎఫీ ఊరుకుంది. నిజం చెప్పొద్దూ, ఆమెకూ వినాలనే ఉంది.

పేజరులో మంటల దగ్గరున్నవాళ్ళ మాటలు వినడమే గానీ మాట్లాడటం కుదరదు. ఆ సంగతి తెలిసీ రోరీ దాంతో మాట్లాడుతున్నాడు. మంటల దగ్గరికి ఎవరు ముందు చేరితే అక్కడ వాళ్ళదే పెత్తనం, తర్వాత చీఫ్ వచ్చినా వాళ్ళ మాట వినాల్సిందే. ఇవాళ ఆ పెత్తనం తనదేనని మోరాగ్ గొంతు చెప్పింది.

"గాలెటుందో చూడు," అన్నాడు రోరీ.

"గాలి రేవువైపు నుంచి," అంది మోరాగ్.

"వెనకవైపు ఒకర్ని పంపవే."

"కాలమ్, నువ్వు వెనక్కి వెళ్ళు," అంది మోరాగ్. మేడమీద అద్దెకుండే ఆయన ఇంట్లో ఉన్నాడో లేడో ఇంటావిడకి తెలియదట. వెతకడానికి ఇద్దరు లోపలికి వెళ్ళారు. లోపలినుంచి ఒక గొంతు, మాస్కులోంచి ముద్దగా, మెట్లకింద నేల మెత్తగా తగులుతోందని చెప్పింది.

"అందరూ బయటికి," అంది మోరాగ్. ఆమె గొంతు కొంచెం కూడా వణకలేదు. "వెతకడం ఆపండి. అందరూ బయటికి, ఇప్పుడే." వెనకే ఫైరింజను హారను పొడుగ్గా మోగింది.

"అంతే!" రోరీ డాష్‌బోర్డు మీద చరిచాడు. "సరిగ్గా అదే చెప్పాలి! శభాష్!"

ఎఫీ నోరు ఆగలేదు. ఇది అందామని ఆమె అనుకోలేదు, దానంతటది వచ్చేసింది. "లోపల మనిషి ఉన్నాడేమో కదా చీఫ్."

"ఉంటే? నేల పోతోందే మొద్దూ! ఒకడి కోసం ఇంకో ఇద్దర్ని ఉంచితే ముగ్గురూ పోతారు. ఆ పిల్లకి వేరే దారేముంది? రేపు ఎవడన్నా దాన్ని ఒక్క మాటన్నాడంటే వాణ్ణి నేను..."

అక్కడ ఆగిపోయాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఎఫీ రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఆయన చూస్తాడని.

కాసేపటికి మోరాగ్ గొంతు మళ్ళీ వినిపించింది. మేడమీద ఆయన రేవులో వలలు బాగుచేసుకుంటున్నాడట, ఇంట్లో ఎవరూ లేరు.

"అమ్మయ్య," అన్నాడు రోరీ. సీటులో వెనక్కి వాలాడు. "మోరాగ్ అదృష్టవంతురాలు. డాన్ అలెక్స్‌గాడు కూడా ఆ రోజు రేవుకి పోయుంటే ఎంత బాగుండేదే ఎఫీ."

ఫిబ్రవరి తర్వాత ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలని మార్సెలా తర్వాత చెప్పింది.

అందర్నీ బయటికి పిలిచాక పేర్లు పిలుస్తారు. ఒక్కొక్కరూ తన గొంతుతో తను పలకాలి, ఒకరి బదులు ఇంకొకరు పలక్కూడదు. పేజరులో మోరాగ్ మొదలుపెట్టింది.

"కాలమ్."

"బయటున్నా."

"జోసీ."

"బయటే."

"చిన్న రోరీ."

"బయటున్నా గానీ, మోకాలు గీరుకుపోయింది."

"నీ మోకాలు కథ తర్వాత వింటాం. లాక్లాన్."

"బయటున్నా."

"అందరూ బయటే," అంది మోరాగ్. ఆ గొంతులో అలసట వినిపించింది. పేజరు గరగరమని ఆగింది.

కట్టమీదినుంచి లారీలు పోతున్నాయి. రోరీ ఆ చిన్న నల్లడబ్బాని ఎఫీ ఒళ్ళోంచి తీసి, రెండు చేతుల్లో పట్టుకుని, నోటి దగ్గరగా పెట్టుకున్నాడు.

"పెద్ద రోరీ," అన్నాడు. తన పేరు తనే పిలుచుకుని, మళ్ళీ తనే పలికాడు. "లోపలే ఉన్నాను."

ఎఫీ తలుపుమీద మోచెయ్యి ఆనించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆపుకుని, ఆయనే నేర్పిన గొంతుతో, మంటల్లో చిక్కుకున్నవాళ్ళతో మాట్లాడే గొంతుతో అంది.

"వినబడింది. కదలకుండా ఉండు. వచ్చేస్తున్నాం."

కారుని మళ్ళీ తిప్పి కట్టవైపు పోనిచ్చింది.